షార్కుల కోసం అండమానా, మాల్దీవులా?

తమ్ముడూ, స్కూబా డైవింగులో ఓపెన్ వాటర్ కార్డుంది (మొదటి మెట్టు సర్టిఫికెట్), డబ్బు తక్కువ, షార్కులు మాత్రం కనబడాలి అన్నావు కదా. అట్లయితే అండమాన్ వద్దు. రీఫ్, అంటే పగడాల దిబ్బ, బాగుంటుంది గానీ అక్కడ షార్కు కనబడితే అదృష్టమే.

మాల్దీవులకే పో. విమానం ఎక్కడానికి అనంతపురం నుంచి పోతే బెంగళూరు ఎయిర్‌పోర్టు సిటీకి ఇవతలే, దేవనహళ్లిలో. రిసార్టు జోలికి పోతే ఖర్చంతా దానికే; ఫులిధూలాంటి జనాలుండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకో. అలిమథా దీవి దగ్గర రాత్రి డైవులో నర్సు షార్కులు గుంపులుగా తిరుగుతాయి, నువ్వు కదలకుంటే ఒంటిని రాసుకుంటూ పోతాయి.

గ్రే రీఫ్ షార్కుల సంగతి వేరే. సముద్రం నీళ్లు పగడాల దిబ్బల మధ్య ఉండే కాలువ మూతిలోంచి లోపలికి తోసేటప్పుడే అవి అక్కడ చేరతాయి. ఆ పోటులో కొత్తోళ్లు కాళ్లు కొట్టీ కొట్టీ ఇరవై నిమిషాలకే సిలిండర్‌లో గాలి అయిపోగొడతారు. రీఫ్ హుక్, అంటే తాడు కట్టిన కొక్కెం, చచ్చిన పగడపు రాయికి తగిలించి నిలబడాలి. నీ కార్డుకు 18 మీటర్లే, అంతకన్నా లోతుకు దాని పై మెట్టు అడ్వాన్స్‌డ్ కార్డు కావాలి.

ఆఖరి డైవుకూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు పెట్టుకో.