కుక్కతో అద్దె ఇంటికి: డిపాజిట్ ఎక్కువ ఇవ్వాలా, అద్దె ఎక్కువ కట్టాలా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. మూడేళ్ల పెంపుడు కుక్క ఉంది. రెండేళ్లు ఉందామని చూసుకున్న ఇంట్లో జంతువులకు అనుమతి లేదన్నారు. దరఖాస్తు రాసిస్తే ఆలోచిస్తానని యజమాని తర్వాత చెప్పారు. ఒప్పుకుంటే ఒక నెల అద్దె అదనపు డిపాజిట్‌గా ఇవ్వాలి, లేదా నెలనెలా 5 శాతం అద్దె ఎక్కువ కట్టాలి. మా దగ్గర మూడు నెలల ఖర్చులకు సరిపడా పొదుపే ఉంది. చెప్పకుండా చేరిపొమ్మని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్నేహితుల సలహా వద్దే వద్దు. కుక్క మొరగకుండా ఉండదు, ఇరుగుపొరుగు గమనించకుండా ఉండరు. విషయం బయటపడితే ఒప్పందం మీరిన తప్పు మీదవుతుంది, గడువు మధ్యలోనే ఖాళీ చేయాల్సి రావచ్చు. మళ్లీ సామాను తరలింపు, మళ్లీ కొత్త డిపాజిట్. మూడు నెలల పొదుపు ఆ దెబ్బకు ఆగదు.

ఇక లెక్క చూద్దాం. అద్దె 100 అనుకోండి. 5 శాతం ఎక్కువ కడితే 24 నెలల్లో 120 పోతుంది, అందులో పైసా తిరిగి రాదు. మధ్యలో అద్దె పెంచితే ఆ పెరిగిన అద్దె మీదే పెంచుతారు. డిపాజిట్ అయితే 100 ఇస్తారు. ఆ డబ్బు మీ దగ్గరే ఉండి ఏడాదికి 6 శాతం వడ్డీ తెచ్చేదనుకున్నా, రెండేళ్లలో మీరు వదులుకునేది 12. డిపాజిట్‌లో సగం మరమ్మతులకు కోసుకున్నా మీ ఖర్చు 62. మొత్తం పోయినా 112, అప్పటికీ 120 కన్నా తక్కువే. పైగా అద్దె ఎక్కువ కట్టినంత మాత్రాన గోళ్ల గీతల ఖర్చు మాఫీ కాదు, దాన్ని మామూలు డిపాజిట్‌లోంచి తీసుకుంటారు. అందుకే డిపాజిట్ వైపే మొగ్గండి. అయితే అది తిరిగి ఇచ్చే డబ్బేనని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. కొందరు 'పెంపుడు జంతువు రుసుము' అని రాస్తారు. ఆ మాట ఉంటే సంతకం చేసే ముందు ఆగండి, రుసుము సాధారణంగా తిరిగి రాదు.

నన్ను కలవరపెడుతున్నది మీ పొదుపు. డిపాజిట్‌ను మూడు వాయిదాల్లో ఇస్తామని అడగండి. నెలాఖరున మిగిలేదానిలోంచి కట్టండి, అత్యవసర నిధిని ముట్టుకోకండి. కుక్కకు జబ్బు చేస్తే మొదట ఆ నిధే అక్కరకొస్తుంది. బీమా తీసుకోవాలనుకుంటే అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు చాలా పాలసీలు డబ్బు చెల్లించవు, తీసుకున్నాక కొంతకాలం వేచి ఉండాల్సిన నిబంధన కూడా ఉంటుంది. కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే పరిహారం భారాన్ని ఆ పాలసీ మోస్తుందో లేదో తప్పక అడగండి.

దరఖాస్తు ఒక్క పేజీ చాలు. కుక్క వయసు, బరువు, టీకాల వివరాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా లేదా, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లినప్పుడు దాన్ని ఎవరు చూస్తారు అన్నవి రాయండి. ఈ చివరిదే యజమానిని ఎక్కువగా వేధించే ప్రశ్న. ఇప్పటి ఇంటి యజమాని నుంచి కుక్క వల్ల ఇబ్బంది రాలేదని రెండు వాక్యాలు రాయించి జతచేయండి. కుక్కలు సాధారణంగా పది, పదమూడేళ్లు బతుకుతాయి. అంటే ఇంకా కొన్ని ఇళ్లు మీరు దానితోనే మారతారు. ఇలాంటి ఉత్తరం చేతిలో ఉంటే ప్రతిసారీ బేరమాడే బలం పెరుగుతుంది.

చేరే రోజున తలుపులు, నేల, గోడల మూలలు తేదీతో సహా ఫొటోలు తీసి యజమానికి పంపండి. వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు డిపాజిట్ కోయకూడదని, కారణం చెప్పకుండా అనుమతి వెనక్కి తీసుకోకూడదని రాయించుకోండి. ఆయన నోటితో సరేనన్నా సరే, అది కాగితం మీదికి వచ్చేదాకా ఇప్పుడున్న ఇంటికి ఖాళీ చేస్తామన్న నోటీసు ఇవ్వకండి.