పాత ఇంగ్లీషు బండి: విప్పేటప్పుడు వచ్చే చిక్కులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో బీఎస్‌ఏ, ట్రయంఫ్ మోటారుసైకిళ్ల గురించినవే ఎక్కువ. ఒకే అంశం మీద వచ్చినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న (గుంటూరు): మా తాతగారి బీఎస్‌ఏ ఎం20 విప్పడం మొదలుపెట్టాను. 13 నంబరు పానా నట్టుకి పట్టదు, 14 పెడితే జారుతోంది. ఇప్పటికే రెండు నట్ల తలలు గుండ్రమైపోయాయి. ఏ పానాలు కొనాలి?

జవాబు: ముందు మెట్రిక్ పానాలు పక్కన పెట్టేయండి. ఆ బండికి కావలసినవి విట్‌వర్త్ పానాలు. వాటి మీద కొట్టి ఉండే నంబరు నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం. అందుకే 1/4 అని ఉన్న పానా నోరు కొలిస్తే 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు వస్తుంది. 13 ఎందుకు దూరలేదో, 14 ఎందుకు జారిందో ఇక్కడే తెలిసిపోతుంది. 3/16 పానా 11.3 మిల్లీమీటర్లు, 5/16 పానా 15.2. ఒక్క 3/8 మాత్రం సరిగ్గా 18 మిల్లీమీటర్లు కాబట్టి, అక్కడ మీ 18 పానా నిక్షేపంగా వాడుకోవచ్చు. ఒకే పానా మీద 1/4 డబ్ల్యూ (విట్‌వర్త్), 5/16 బీఎస్ (బీఎస్ఎఫ్, అంటే బ్రిటిష్ సన్న మర) అని రెండు గుర్తులు కనిపిస్తే కంగారు పడొద్దు, రెండూ ఒకే నోరు. 3/16 నుంచి 1/2 దాకా రింగు పానాల సెట్టు ఒకటి కొంటే పని గడుస్తుంది. పాత బుల్లెట్లు బాగుచేసే మెకానిక్కుల పెట్టెల్లో ఇవి ఇప్పటికీ ఉంటాయి.

పానా కంటే మర ముఖ్యం. ఆ ఇంజన్‌లో ఉక్కులో ఉక్కు బిగిసే చోట ఎక్కువగా సైకిల్ మర ఉంటుంది. అంగుళానికి 26 చుట్లు, 60 డిగ్రీల కోణం. అల్యూమినియంలోకి దిగే చోట విట్‌వర్త్ ముతక మర, కోణం 55 డిగ్రీలు. 1/4 బీఎస్ఎఫ్ మరకీ చుట్లు 26 కావడంతో సైకిల్ మర బోల్టు మీద ఆ నట్టు రెండు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత పట్టేస్తుంది. అక్కడ బలం పెడితే రెండూ పోతాయి. అంతకంటే ఎక్కువ నష్టం చేసేది 5/16 రంధ్రంలోకి ఎం8 బోల్టు తోయడం. ఎం8 చుట్టుకీ చుట్టుకీ దూరం 1.25 మిల్లీమీటర్లు, 5/16 విట్‌వర్త్‌కి 1.41. బోల్టు ఎక్కినట్టే ఉంటుంది, అల్యూమినియం మర మాత్రం లోపల పొడైపోతుంది. అలా పోయిన రంధ్రానికి అదే మరలో దొరికే తీగ ఇన్సర్టు (రంధ్రంలో దించే తీగ చుట్ట) వేయించండి, పెద్ద బోల్టు దింపొద్దు. కొలవడానికి విట్‌వర్త్ మర గేజి ఒకటి దగ్గరుంచుకోండి.

గుండ్రమైన ఆ రెండు నట్లను పట్టకారుతో పీకొద్దు. టార్చితో వేడిచేసి ఒకసారి ప్రయత్నించండి. రాకపోతే నట్టును ఒక పక్క రంపంతో సగందాకా కోసి ఉలితో చీల్చండి. నట్టు పోతే ఇంకోటి దొరుకుతుంది. అల్యూమినియంలో విరిగిన స్టడ్డు తీయడం చాలా పెద్ద పని.

ప్రశ్న (కోవెంట్రీ, ఇంగ్లండ్): 1967 ట్రయంఫ్ బోనవిల్ టీ120 కొన్నాను. అమ్మినాయన క్రాంకు గ్రైండింగ్ చేయించి కొత్త షెల్స్ (బేరింగు పొరలు) వేశానన్నాడు కానీ స్లడ్జ్ ట్రాప్ విప్పలేదట. గేజి పెట్టి చూస్తే ఆయిల్ ప్రెషర్ బాగుంది. మళ్లీ ఇంజన్ మొత్తం విప్పాలంటారా?

జవాబు: విప్పాలి. దీన్ని తప్పించుకునే దారి లేదు.

ఈ ఇంజన్‌లో ఆయిల్‌కి ఉన్నవి జాలీ ఫిల్టర్లే, సన్నని మలినాన్ని అవి ఆపలేవు. ఆ పని క్రాంకుకి అప్పగించారు. బిగ్ ఎండ్ జర్నల్ (క్రాంకుకి రాడ్డు పట్టే చోటు) లోపల బోలుగా ఉండి, అందులో ఒక గొట్టం ఉంటుంది. అదే స్లడ్జ్ ట్రాప్. ఆయిల్ ఆ గొట్టంలోంచే షెల్స్‌కి చేరుతుంది. క్రాంకు తిరిగే వేగానికి బరువైన రేణువులు గొట్టం గోడకి అతుక్కుని గట్టి మడ్డిగా పేరుకుంటాయి. కొన్నేళ్లకి గొట్టం నిండుతుంది, షెల్స్‌కి ఆయిల్ అందదు, రాడ్డు పట్టేస్తుంది. క్రాంకు గ్రైండింగ్ చేసినప్పుడు రాతిపొడి కూడా ఆయిల్ రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. ట్రాప్ తీసి కడగకుండా కొత్త షెల్స్ వేస్తే ఆ పొడి మొదట తినేది వాటినే.

ప్రెషర్ బాగుందని ధైర్యపడకండి. గేజి కలిపేది టైమింగ్ కవర్ దగ్గర, అంటే ఆయిల్ క్రాంకులోకి వెళ్లకముందు. దారి లోపల మూసుకుపోతే ఇవతల ప్రెషర్ తగ్గదు, ఇంకా ఎక్కువే చూపిస్తుంది. ట్రాప్ సంగతి బయటినుంచి చెప్పగల పరీక్ష ఏదీ లేదు.

టైమింగ్ వైపు విప్పేటప్పుడు కామ్‌షాఫ్టు పినియన్ నట్లు ఎడమ మరవని గుర్తుంచుకోండి. క్రాంకు బయటికొచ్చాక, రాడ్లు తీసేముందు ఏ టోపీ (రాడ్డు కింది సగం) ఏ రాడ్డుదో, ఎటు తిరిగి ఉందో గుర్తు చూసుకోండి. తర్వాత బిగ్ ఎండ్ జర్నల్ పక్కనున్న ఫ్లైవీల్ బోల్టును పూర్తిగా తీయండి. దాని కొస గొట్టంలో దిగి గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. అది ఉండగానే గొట్టం లాగితే చినుగుతుంది. జర్నల్ కుడి చివర, అంటే టైమింగ్ వైపు, గాడి ఉన్న బిరడా కనిపిస్తుంది. అది వదులవకుండా అంచు దగ్గర పంచ్‌తో చుక్క కొట్టి ఉంటారు. 1/8 అంగుళం డ్రిల్లుతో ఆ చుక్క మీద 1/8 అంగుళం లోతు మాత్రమే తొలవండి. తర్వాత టార్చితో ఆ భాగాన్ని బాగా వేడిచేసి, గాడికి నిండుగా సరిపోయే బిట్టు పెట్టి ఇంపాక్ట్ డ్రైవర్‌తో కొట్టండి. సన్నటి బిట్టు పెడితే గాడి తెగిపోతుంది. అప్పటికే తెగి ఉంటే బిరడా నడిమధ్య ఒక నట్టు వెల్డు చేయించండి. నట్టు పట్టు ఇస్తుంది, వెల్డింగు వేడి మరను వదులు చేస్తుంది.

గొట్టం తేలిగ్గా రాదు. దాని నోట్లో ట్యాపుతో మర కోసి బోల్టు ఎక్కించి, పైన ఒక సాకెట్టు బోర్లించి, వాషరూ నట్టూ వేసి నిదానంగా బిగిస్తూ లాగండి. వచ్చాక లోపల గోరుతో గీకినా రాని నల్లటి పొర కనిపిస్తుంది. గొట్టాన్నీ, జర్నల్ బోలునూ, ప్రతి ఆయిల్ రంధ్రాన్నీ కిరోసిన్‌తో, సీసాలు కడిగే బ్రష్షుతో శుభ్రం చేసి గాలి కొట్టండి. చివరి పరీక్షగా టైమింగ్ వైపు రంధ్రంలో ఆయిల్ క్యాన్ పెట్టి నొక్కితే రెండు జర్నల్స్ దగ్గరా ఒకే ధాటిగా చిమ్మాలి. ఒక దగ్గర నీరసంగా వస్తే మళ్లీ కడగాలి. పరీక్షకు ముందే గొట్టం, బిరడా, బోల్టు తాత్కాలికంగా పెట్టుకోవాలి, లేకపోతే ఆయిల్ పక్కలనుంచి కారిపోతుంది.

తిరిగి బిగించేటప్పుడు గొట్టం రంధ్రం ఫ్లైవీల్ బోల్టు రంధ్రానికి ఎదురుగా రావాలి. ముందు బోల్టు కొస దిగిందో లేదో చూసి, ఆ తర్వాతే బిరడా బిగించండి. ఫ్లైవీల్ బోల్టులు లాక్‌టైట్ వేసి 33 పౌండ్-అడుగులకు బిగించాలి. బిరడాకీ లాక్‌టైట్ వేసి, కొత్త చోట పంచ్ చుక్క కొట్టండి. ఎలెన్ కీతో తిరిగే కొత్త బిరడాలు దొరుకుతున్నాయి, అవే వేయించుకోండి. రాడ్డు నట్లు ఎప్పుడూ కొత్తవే.

మీ ఊరి పక్కనున్న మెరిడెన్‌లోనే ఈ బండి తయారైంది. 1940 నవంబరు బాంబుదాడిలో కోవెంట్రీ ఫ్యాక్టరీ పోయాక ట్రయంఫ్ అక్కడికి మారింది. ఆ ప్రాంతంలో ఈ బళ్ల విడిభాగాలూ పనితెలిసినవాళ్లూ దొరకడం మనకంటే మీకే సులువు.

ప్రశ్న (విజయవాడ): ఎం20 పొద్దున్నే రెండు కిక్కుల్లో స్టార్టవుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు పోయాక కొట్టుకుని ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ స్టార్టు. కార్బురేటర్ మూడుసార్లు కడిగించాను.

జవాబు: ఆగిన వెంటనే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతలోని గాలిరంధ్రం పూడితే పెట్రోలు దిగడం ఆగి ఇలాగే అవుతుంది. మూత తీసినా స్టార్టవకపోతే అనుమానించవలసింది లూకాస్ మాగ్‌డైనోలోని (మాగ్నెటో, డైనమో కలిసిన యూనిట్టు) కండెన్సర్‌ని. అది ఆర్మేచర్ (లోపల తిరిగే చుట్ల భాగం) చివర్లో, బయటికి కనిపించకుండా ఉంటుంది. పాత కాగితపు కండెన్సర్ వేడెక్కగానే లీకవుతుంది, చల్లారితే కోలుకుంటుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చీకట్లో పాయింట్ల మూత తీసి ఒకరు కిక్ కొడుతుంటే చూడండి. పాయింట్ల మధ్య లావుపాటి నీలిరంగు మెరుపు కనిపిస్తూ, ప్లగ్గు దగ్గర స్పార్కు సన్నగా ఉంటే కండెన్సర్ పోయినట్టే. ఈ పరీక్షకు ముందు పాయింట్ల గ్యాపు 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఉండేలా చూసుకోండి. కాయిల్ చుట్టు ఇన్సులేషన్ దెబ్బతిన్నా వేడిలోనే ఆగుతుంది, కాబట్టి ఆర్మేచర్ బయటికి తీసినప్పుడు రెండూ పరీక్షించాలి.

ఆర్మేచర్ లాగేముందు మూడింటిని తప్పకుండా తీయాలి: ప్లగ్గు వైరు వచ్చే పికప్, ఎర్త్ బ్రష్షు, సేఫ్టీ గ్యాప్ స్క్రూ. ఆ స్క్రూ బాడీలోకి దిగి ఉంటుంది, చిన్నది కావడంతో మరిచిపోతారు. అది ఉండగా ఆర్మేచర్ కదిపితే స్లిప్ రింగు అంచు పెళుక్కున విరుగుతుంది. ఆర్మేచర్ తీసిన తక్షణం అయస్కాంతం రెండు కొమ్ముల మధ్య ఇనుపబద్ద ఆనించి ఉంచండి, లేకపోతే శక్తి తగ్గుతుంది. కొత్తగా 0.15 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఎక్కువ వోల్టేజీ తట్టుకునే ఫిల్మ్ కండెన్సర్ వేయించండి. కాయిల్ కూడా చుట్టించవలసి వస్తే వార్నిష్ ఏది వాడతారో ముందే అడగండి. మెత్తని షెల్లాక్ ఇంజన్ వేడికి కరిగి ఆర్మేచర్‌ని బాడీకి అతికించేస్తుంది. చుట్టే పని ఫ్యాన్ మోటార్లు చుట్టేవాళ్లకి ఇవ్వొద్దు. మాగ్నెటో తీగ వెంట్రుకంత సన్నం, వేల చుట్లు ఉంటాయి, అది వేరే పని.

ప్రశ్న (హైదరాబాద్): టీ120 మీద ఉదయం మొదటి గేరు వేస్తే ఠక్కున దూకి ఆగిపోతుంది. క్లచ్ మొత్తం మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. రాత్రంతా నిలిచిన బండిలో ప్లేట్లు ఆయిల్‌తో అంటుకుంటాయి. ఇగ్నిషన్ వేయకముందే క్లచ్ నొక్కిపట్టి నాలుగైదు కిక్కులు కొడితే విడిపోతాయి. రోజూ అంతకంటే కష్టమవుతుంటే ప్లేట్లు తీసి కడగండి. నునుపు ప్లేట్లను అద్దం మీద పరిచి ఫీలర్ గేజితో వంపు చూడండి. తిరిగి బిగించాక క్లచ్ నొక్కి కిక్ తిప్పితే పైన ప్రెషర్ ప్లేటు అటూ ఇటూ ఊగకుండా తిరగాలి. ఊగితే మూడు స్ప్రింగు నట్లలో ఎత్తు తక్కువున్న వైపుది కాస్త వదులు చేయండి. హబ్ దాకా పోవలసి వస్తే పుల్లర్ తప్ప సుత్తి ముట్టొద్దు, టేపర్ మీద కూర్చున్న హబ్‌కి సుత్తి దెబ్బ మెయిన్‌షాఫ్టుని చెడగొడుతుంది. కింద బట్ట పరుచుకోండి. లోపలి రోలర్లు 20, అన్నీ ఒకేసారి రాలతాయి.

ప్రశ్న (రాజమండ్రి): అమల్ కాన్సెంట్రిక్ కార్బురేటర్ శుభ్రంచేసి గట్టిగా బిగించాక యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుస్తూనే ఉంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లనా?

జవాబు: పెట్రోలు కాదు, బిగింపు. బండిని వెంటనే ఆపి ఉంచండి, ఈ స్థితిలో రోడ్డెక్కడం ప్రమాదం. కార్బురేటర్ బాడీ జింకు లోహం. రెండు నట్లు ఎక్కువ బిగిస్తే ఫ్లాంజి వంగుతుంది, దాంతోపాటు లోపలి బోరు సాగి స్లైడు (యాక్సిలరేటర్‌తో పైకీ కిందికీ కదిలే ముక్క) మధ్యలో ఇరుక్కుంటుంది. స్కేలు అంచు ఫ్లాంజి మీద నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తే వంపు కనబడుతుంది. మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, స్లైడు తీసేసి, ఎనిమిది ఆకారంలో తిప్పుతూ సమంగా వచ్చేదాకా రుద్దండి. ఓ-రింగు కొత్తది వేసి, నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, రింగు నొక్కుకునేంత మాత్రమే బిగించండి. ప్రతి బిగింపు తర్వాత స్లైడు ఎత్తి వదిలి చూడండి, టక్కుమని కిందపడాలి.

ఈ20 చేసే నష్టం వేరే. అది తేమ పీలుస్తుంది, కార్బురేటర్ గిన్నెలో తెల్లటి పొడి పేరుకుంటుంది, కొన్ని రకాల ట్యాంకు పూతలను కరిగిస్తుంది. పైలట్ దారి (ఐడిలింగ్‌కి పెట్రోలు వచ్చే సన్న దారి) మూసుకుపోతే గాలి స్క్రూ ఎంత తిప్పినా ఐడిలింగ్‌లో తేడా రాదు. ఆ స్క్రూ తీసి, అదే రంధ్రంలోంచి 0.4 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టును వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా లోపలి పైలట్ జెట్టు దాకా తిప్పండి. మోటారు డ్రిల్లు వాడితే రంధ్రం పెద్దదవుతుంది. తర్వాత క్లీనర్ స్ప్రే కొడితే బోరులో రెండు సన్నటి ధారలు రావాలి, ఒకటి స్లైడు కింద, ఒకటి దానికి ఇంజన్ వైపు. ఒకటే వస్తే పని ఇంకా అవలేదు. బండిని రెండు వారాలు మించి తీయనప్పుడు గిన్నెలో పెట్రోలు ఖాళీచేసి ఉంచండి.