రూట్ 66 పక్కన వెలిసిపోయిన గోడ ప్రకటన: రంగు వేసే ముందు

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో పాత రూట్ 66 రహదారి పక్కనున్న గ్యారేజీ గోడపై వెలిసిపోయిన ప్రకటనకు, పిల్లలతో సహా వెళ్లి ఒక శనివారంలో కొత్త రంగు వేయవచ్చా అని అడిగారు. తొందరపడవద్దని నా సలహా. 1926లో ఏర్పడి 1985లో అధికారిక రహదారుల జాబితా నుంచి తొలగిపోయిన ఆ రహదారి వెంట ఉన్న పాత గోడ రాతల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లోనే కదా. అందువల్ల పొడిగా గీకితే విషపు ధూళి లేస్తుంది. ఇసుకను వేగంగా చిమ్మి శుభ్రం చేస్తే, దానికి తోడు ఇటుక గట్టి పైపొర ఊడిపోయి గోడలోకి నీరు చేరుతుంది.

ముందుగా యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకొని, రంగును పరీక్ష చేయించి, అక్షరాల కొలతలు, దగ్గరి ఫొటోలు భద్రపరచండి. ఆ తరువాత ఇల్లినాయి రూట్ 66 సంఘం వారి పరిరక్షణ విభాగాన్ని సంప్రదించడం మేలు. అదే రాష్ట్రంలోని ఓడెల్ అనే ఊళ్లో 1932 నాటి స్టాండర్డ్ ఆయిల్ పెట్రోలు బంకు పునరుద్ధరణలో ఆ సంఘం పాలుపంచుకుంది. పని ఎంత ఓపికగా జరగాలో ఆ బంకును ఒకసారి చూస్తే తెలుస్తుంది.

పిల్లలకు గోడకు దూరంగా కలుపు తీయడం, చెత్త ఏరడం వంటి పనులు అప్పగించండి. అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉంటే మాత్రం, నా మట్టుకు నేను వాటిని అలాగే వదిలేస్తాను. ఆ వెలిసిన రంగుకున్న అందం కొత్త పూతకు రాదు.