ప్రతి జబ్బుకీ టీపీ53 పైకి రావడం గురించి

ఏ జబ్బుకు సంబంధించిన జన్యువులు ఇచ్చి, ప్రోటీన్ నెట్‌వర్క్‌లో (ఏ ప్రోటీన్ దేనితో కలుస్తుందో చూపే లింకుల పటంలో) వాటికి దగ్గరగా ఉన్నవాటికి స్కోరు వేసినా, టీపీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు) లాంటివే ఎందుకు పైకొస్తున్నాయని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, ఇది చాలామందికి ఎదురయ్యేదే. క్యాన్సర్ పరిశోధనలో టీపీ53ని ఎంతో లోతుగా చదివారు కాబట్టి దానికి నమోదైన లింకులూ ఎక్కువే. ఏ జన్యువు నుంచి బయల్దేరినా దారి అటే పోతుంది.

మీ జన్యువులకు బదులు, దాదాపు అన్నే లింకులున్న వేరే జన్యువులను యాదృచ్ఛికంగా ఎంచుకుని 1000 సార్లు అదే లెక్క వేయండి. తర్వాత ప్రతి ప్రోటీన్ అసలు స్కోరును దాని యాదృచ్ఛిక స్కోర్లతోనే పోల్చండి. ఊరికే పైకొచ్చేవి అక్కడే రాలిపోతాయి. హబ్‌లను, అంటే టీపీ53లా చాలా ఎక్కువ లింకులున్నవాటిని, మొత్తంగా తీసేయడం మాత్రం నాకు నచ్చదు, క్యాన్సర్ విషయంలో టీపీ53 నిజంగానే ముఖ్యం. అయితే 2007లో నెట్‌వర్క్ శాస్త్రవేత్త బరబాషి బృందం గమనించింది ఏమిటంటే, వ్యాధి జన్యువుల్లో అత్యధికం హబ్‌లు కావు. మీరు వెతికేది బహుశా నెట్‌వర్క్ మధ్యలో కాక, తక్కువ లింకులున్న శివార్లలోనే ఉంటుంది.