పెళ్లైన సంగతి దాచి దగ్గరయ్యాడు... ఇష్టపడే వెళ్లానంటే కేసు నిలబడదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 26 ఏళ్లు. 2025 సంక్రాంతికి కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన అబ్బాయి పెళ్లి చేసుకుంటానని మాటిచ్చాడు. ఇద్దరం దగ్గరయ్యాం. అతను తిరిగి వెళ్లాక భీమవరం వైపు నుంచి అతని భార్య ఫోన్ చేసింది. పెళ్లై నాలుగేళ్లట, ఒక బాబు కూడా. 'ఇష్టపడే కదా వెళ్లావు, కేసు నిలబడదు, మూడు లక్షలు ఇప్పిస్తాం, ఊరుకో' అని ఊరి పెద్దలు మా మావయ్యతో అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. ఇష్టపడి వెళ్లిన మాట దాచొద్దు, స్టేషన్‌లోనూ కోర్టులోనూ అలాగే చెప్పండి. కానీ మీరు ఇష్టపడింది పెళ్లికాని వాణ్ని, రేపో మాపో తాళి కట్టేవాణ్ని. అలాంటి మనిషి అక్కడ లేడు, ఆ సంగతి అతనికి ముందే తెలుసు. వాస్తవం విషయంలో పొరబడి ఇచ్చిన సమ్మతి, ఆ పొరపాటు ఎదుటివాడికి తెలిసి ఉంటే, సమ్మతే కాదని భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో ఇదే 90వ సెక్షన్.

2024 జూలై 1 నుంచి దీనికి విడిగా 69వ సెక్షన్ కూడా వచ్చింది. చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట ఇచ్చి గానీ, ఉద్యోగం, ప్రమోషన్ అని నమ్మించడం లాంటి మోసంతో గానీ శారీరకంగా కలిస్తే పదేళ్ల వరకు జైలు, జరిమానా. బెయిల్ హక్కుగా దొరకదు. ఊరి పెద్దలు రాజీ చేసి మూసేయగలిగిన నేరం కాదిది.

అయితే మాట తప్పిన ప్రతివాడూ నేరస్తుడు కాడు. నిజంగా చేసుకోవాలనుకుని, తర్వాత ఇంట్లోవాళ్లు కులం పేరుతో అడ్డుపడితే వెనక్కి తగ్గినవాణ్ని జైలుకు పంపడం న్యాయం కాదని నేనూ నమ్ముతాను. 2019లో మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఎఫ్ఐఆర్‌నే కొట్టేసింది. మాట ఇచ్చేనాటికే అది అబద్ధమై ఉండాలి, ఆ అబద్ధాన్ని నమ్మే ఆమె ఒప్పుకుని ఉండాలి అంది. చాలా కేసులు వీగిపోయేది ఇక్కడే. మనసులో ఏముందో రుజువు చేయడం కష్టం. మీ విషయంలో ఆ కష్టం చాలావరకు లేదు. ఇంట్లో భార్య ఉన్నవాడు 'నిన్ను పెళ్లి చేసుకుంటా' అంటే ఆ రోజే అబద్ధం. బియ్యం కార్డులో భార్య పేరు, బాబు బర్త్ సర్టిఫికెట్, పెళ్లి ఫొటోలు పోలీసులు తెప్పించగలరు.

అవతలి లాయరు ఒక్క ప్రశ్న మీదే పట్టుబడతాడు: 'అతనికి పెళ్లయిందని నీకు ముందే తెలుసు కదా?' అందుకే ఫోన్ జాగ్రత్త. 'వైశాఖంలో ముహూర్తం పెట్టిద్దాం' లాంటి వాయిస్ మెసేజ్ ఉంటే డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. ఆ భార్య ఫోన్ చేసిన తేదీ కాల్ లిస్టులో ఉంటుంది, దాన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పెద్దల మాటకొస్తే, డబ్బు ముట్టుకోకండి, కాగితం మీద సంతకం పెట్టకండి. అతని తరఫువాళ్లు పంచాయతీలో ఏం ఒప్పుకున్నారో, ఎవరెవరున్నారో మాత్రం రాసి పెట్టుకోండి. 2006లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే నిందితుడు పెద్దల ముందు ఒప్పుకుని, గడువడిగి, కనిపించకుండా పోయాడు. సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది.

అతను కువైట్‌లో ఉన్నాడని ఆగనక్కర్లేదు. నేరం ఇక్కడే జరిగింది కాబట్టి ఎఫ్ఐఆర్ ఇక్కడే కడతారు. మన స్టేషన్‌లో అందరూ తెలిసినవాళ్లే అని టెన్షన్‌గా ఉంటే అమలాపురంలోనో, రాజమండ్రిలోనో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్‌గా (తమ పరిధి కాకపోయినా రాసుకుని, అసలు స్టేషన్‌కు పంపే ఎఫ్ఐఆర్) తీసుకోవాలి. ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి. మీ పేరు బయటపెట్టడం 72వ సెక్షన్ కింద నేరం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసి అడగండి.