స్పాన్సర్‌షిప్ చెక్కు మీద సంతకం పెట్టేముందు

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

చీమకుర్తి గ్రానైట్ కంపెనీలో పండగల స్పాన్సర్‌షిప్, ఊళ్లకు చేసే సాయం ఇకమీదట నువ్వే చూడాలన్నారని అక్క చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావట. ముందు పద్దులు విడగొట్టు తల్లీ.

ఎడ్ల బండలాగుడు పోటీకి బహుమతి ఇచ్చి, మైదానం చుట్టూ కంపెనీ ఫ్లెక్సీలు కట్టించుకుంటే అది ప్రచారం. 2013 కంపెనీల చట్టం కింద మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి కదా, ఆ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) లెక్కలోకి ఇది రాదు. మీ సరుకుకు పేరు తెచ్చే స్పాన్సర్‌షిప్‌ను నిబంధనలే పక్కన పెట్టాయి. మీ కార్మికులకూ వాళ్ల పిల్లలకూ మాత్రమే చేసేదీ, రాజకీయ పార్టీలకు ఇచ్చేదీ అంతే. పైగా ప్రచారం కోసం ఇచ్చే సొమ్ము జీఎస్టీలో సేవ కింద లెక్క. ఉత్సవ కమిటీ కంపెనీ కాదు గనుక 18 శాతం పన్ను రివర్స్ చార్జి కింద, అంటే సేవ తీసుకున్నవాళ్లే కట్టే పద్ధతిలో, మీరే కట్టాలి. 50,000 ఇస్తే ఇంకో 9,000 అన్నమాట. బడ్జెట్ వేసేటప్పుడు దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ప్రతిఫలం కోరకుండా ఇచ్చిన విరాళానికి ఈ పన్ను లేదు. దాత పేరు పలక మీద కృతజ్ఞతగా రాసినా ఫర్వాలేదు, అది వ్యాపార ప్రకటనలా మాత్రం ఉండకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. మీ లారీలు తిరిగే రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, క్వారీ చుట్టూ చెట్లు పెంచడం ధర్మకార్యాలు కావు. అవి అనుమతి పత్రాల్లోని షరతులు. వాటిని సేవా కార్యక్రమాల కింద రాయమని పైనుంచి ఎవరైనా చెబితే ఒప్పుకోకు. ఆ దుమ్ము తినే ఊరివాళ్లకు తేడా బాగా తెలుసు.

చందాల సంగతి త్వరగా చెబుతాను. వినాయకచవితి, శ్రీరామనవమి, దసరా కళారాలు (అమ్మవారి ముఖాల ఊరేగింపు), ఉరుసు, క్రిస్మస్ అన్నిటికీ వస్తారు. సంవత్సరం మొదట్లోనే ఊరికి ఇంత అని ఒకే రేటు పెట్టి, లారీలు తిరిగే ఊళ్లకు ముందు వరస ఇవ్వు. కమిటీ రాతపూర్వకంగా అడగాలి, డబ్బు కమిటీ ఖాతాలోకే వెళ్లాలి, సగం ముందు, మిగతా సగం బిల్లులు చూపించాక. నగదు చేతికి ఇవ్వొద్దు. ఒక వర్గం గుడికి ఇచ్చి పక్క వాడకు లేదన్నావంటే ఆ ఊళ్లో కంపెనీ పేరు ఏళ్ల తరబడి చెడుతుంది. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఏ పంపకమూ పెట్టుకోకు.

బండలాగుడుకు డబ్బు ఇచ్చేముందు పశువైద్యుడు ఉంటాడా, ఎడ్లకు నీడా నీళ్లూ ఉన్నాయా, జనానికీ బరికీ మధ్య గట్టి కంచె కట్టారా అని చూడు. బండ తిప్పే మలుపు దగ్గరే ఎడ్లు జనం మీదికి వస్తాయి. చర్నాకోలతో బాదడం, ముల్లుకర్రతో పొడవడం ఉండదని కమిటీ కాగితం మీద ఒప్పుకుంటేనే పేరు వెయ్యనివ్వు.

ఇక నువ్వు మనసు పెట్టాల్సింది నీళ్ల మీద. పొదిలి, కనిగిరి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ బాధ మనవాళ్లకు తెలియనిది కాదు. పళ్లు గారపట్టిన పిల్లలు, నడుం వంగిపోయిన పెద్దలు కనబడే ఊరికి ఆర్‌వో ప్లాంటు పెట్టిస్తే అంతకు మించిన సాయం లేదు. అయితే రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగాక ఏడాది తిరక్కుండా తాళం పడే ప్లాంట్లు బోలెడు. ఎందుకు ఆగిపోతాయో తెలుసుకుని మరీ దిగు.

మొదటిది స్థలం. ఎవరో పెద్దమనిషి ఇచ్చిన సొంత స్థలంలో కడితే నాలుగు రోజులకు అది ఆయన ప్లాంటు అవుతుంది. పంచాయతీ స్థలంలో, తీర్మానం చేయించి, కరెంటు మీటరు పంచాయతీ పేరు మీదే పెట్టించు. రెండోది బోరు. మే నెలలో నీళ్లు ఏపాటి వస్తున్నాయో చూశాకే సైజు ఖాయం చెయ్యి. లోపలికి వెళ్లే నీళ్లలో దాదాపు సగం వ్యర్థంగా బయటికి పోతాయి, గంటకు 1,000 లీటర్ల ప్లాంటుకు బోరు గంటకు 2,000 ఇవ్వాలి. ఆ వ్యర్థజలంలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడి ఉంటుంది. దాన్ని బోరు పక్కనే గుంటలోకి వదిలితే తిరిగి అదే బోరులోకి దిగుతుంది. దూరంగా పైపు వేయించు. తాగడానికీ వంటకూ పనికిరాదని బోర్డు పెట్టించు.

మూడోది పరీక్ష. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ చెప్పదు, మొత్తం లవణాలను మాత్రమే చెబుతుంది. టీడీఎస్ తగ్గింది కదా అని ఊరుకుంటారు. శుద్ధి చెయ్యని బోరు నీళ్లూ శుద్ధి చేసిన నీళ్లూ రెండూ వేర్వేరు సీసాల్లో ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌కు పంపు, వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫలితం గది గోడ మీద అంటించు.

నాలుగోది నడిపే మనిషి. ఇసుక ఫిల్టరును రోజూ నీళ్లు ఎదురు పంపి కడగకపోతే, మైక్రాన్ ఫిల్టరు మురికి పట్టాక కూడా మార్చకపోతే, గార పట్టకుండా వేసే మందు డబ్బా ఖాళీగా ఉంటే, రెండు మూడేళ్లు రావాల్సిన మెంబ్రేన్, అంటే లవణాలను ఆపే పొర, ఆర్నెల్లకే మూసుకుపోతుంది. ఓల్టేజీ పడిపోయి హైప్రెషర్ పంపు మోటారు కాలిపోవడం ఇంకోటి. స్టెబిలైజరు తప్పనిసరిగా పెట్టించు. ఊరి మనిషికి నెల రోజులు పని నేర్పించి జీతం ఇప్పించు.

జీతం ఎక్కణ్ణుంచి అంటావా, ఉచితంగా ఇవ్వకు. 20 లీటర్ల క్యాన్ 5 రూపాయలకు రోజుకు 150 క్యాన్లు పోయాయనుకో, నెలకు 22,500. జీతానికి 10,000, కరెంటుకు 5,000, ఫిల్టర్లకూ మందుకూ 2,500 పోతే 5,000 మిగులుతుంది. ఆ మిగులు పంచాయతీ, పొదుపు సంఘం ఉమ్మడి ఖాతాలో వేసి, మెంబ్రేన్, మోటారు అవసరాలకు తప్ప ముట్టకూడదని ఒప్పందంలో రాయించు. మూడేళ్ల మరమ్మతు కాంట్రాక్టు కంపెనీ ఖర్చులోనే కలుపు. ప్లాంటు ధర ఒక్కటే చూపించి మంజూరు అడిగితే ఆ తర్వాత మళ్లీ ఎవరూ పైసా ఇవ్వరు.

కంటి శిబిరం పెడితే పరీక్షతో ఆపకు. శుక్లాలు ఉన్నవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే బస్సు, ఆపరేషన్ తర్వాత చుక్కల మందు, మళ్లీ చూపించుకునే తేదీ, ఇవన్నీ ముందే ఏర్పాటు కావాలి. షుగరు, బీపీ శిబిరంలోనే చూడాలి. లేకపోతే అంత దూరం వెళ్లిన ముసలివాళ్లను ఆపరేషన్ చెయ్యకుండా తిప్పి పంపుతారు. మిరప కోతల రోజుల్లో శిబిరం పెడితే ఎవరూ రారు.

చలివేంద్రంలో 200 మిల్లీలీటర్ల గ్లాసులు వెయ్యికి 200 లీటర్ల మజ్జిగ కావాలి. 50 లీటర్ల పెరుగు, మిగతావి శుద్ధి చేసిన నీళ్లు. చేపలకు వాడే ఐసు మజ్జిగలో వెయ్యనివ్వకు, కుండల చుట్టూ పేర్చుకోమను.

సేవా సంస్థ ద్వారా చేయిస్తే సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థలు తీసుకోవాల్సిన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు వాళ్లకు ఉందో లేదో ముందు చూడు. పనులు జూన్‌లోనే మొదలుపెట్టు. ఫిబ్రవరి దాకా ఆగితే మార్చి 31 గండం తప్పించుకోవడానికి ఎవరికీ అక్కర్లేని స్కూలు సంచులు కొంటారు. బహుళ సంవత్సరాల ప్రాజెక్టుగా ముందే ఆమోదించుకున్న దానికైతే మిగిలిన డబ్బును మార్చి 31 తర్వాత 30 రోజుల్లో విడి బ్యాంకు ఖాతాలో వేసి, మూడేళ్లలో ఖర్చుపెట్టొచ్చు. నీళ్ల ప్లాంటుకు ఈ దారే మంచిది.

ఈ వారమే గత మూడేళ్లలో కంపెనీ కట్టించిన వాటి జాబితా తీసుకుని, ఒక్కొక్కటీ నడుస్తోందో లేదో వెళ్లి చూసి రా. ఆగిపోయినవి కనబడితే కొత్తది మొదలుపెట్టకముందే వాటిని బాగుచేయించు. ఆ జాబితా నాకూ ఒక కాపీ పంపు, ఏది ముందు చెయ్యాలో కూర్చుని చూద్దాం.

మీ మామయ్య