జూన్ నాటి చేరికలు కాదు, జనవరి నాటి హాజరు చూడాలి

బడి మానేసిన పిల్లల కోసం నడిచే ప్రత్యామ్నాయ పాఠశాలలను కూడా మామూలు బడుల్లాగే ఉత్తీర్ణత శాతంతో కొలవాలా అన్నది ప్రశ్న. కొలవకూడదు, అలాగని లెక్క అడగకుండా వదిలేయనూ కూడదు. గద్వాల ప్రాంతంలో బడి బయటి ఆడపిల్లలను మళ్లీ బడిలో చేరేందుకు సిద్ధం చేసిన ఒక బ్రిడ్జి కోర్సు శిబిరంలో చదువు చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

మా దగ్గరికి వచ్చిన వారిలో ఎక్కువ మంది విత్తనం కోసం పెంచే సీడు పత్తి చేలల్లో, చేత్తో పరాగసంపర్కం చేసే క్రాసింగ్ పనికి పోయిన పిల్లలే. సాయంత్రం మొగ్గలు గిల్లి, మరునాడు పొద్దున్నే మగపూల పుప్పొడి అద్దే ఆ పని కోసం ముందుగానే తల్లిదండ్రులకు అడ్వాన్సులు అందుతాయి. అలా వచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె అక్షరాలతో మొదలుపెట్టి, వేసవి నాటికి తెలుగు కథలు తడుముకోకుండా చదవగలిగింది. జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట జరుగుతుండగా ఆమెను ఏడో తరగతిలో చేర్చారు, శిబిరం నివేదికలో ఆమె పేరు విజయాల జాబితాకెక్కింది. వానాకాలం సగం గడిచాక ఆమె ఊరికి వెళితే, తెల్లవారుజామున చేనులో పుప్పొడి అద్దుతూ కనిపించింది. అక్కడి బడికి వెళ్లి హాజరు పట్టీ చూస్తే, ఆమె పేరు ఎదుట రోజూ హాజరు పడుతూనే ఉంది. ఎందుకు మానేశావని అడిగితే, "ఆడ కూసుంటే నాకేం సమజ్ కాకపోతుండె టీచర్, ఈడనన్న పైసలొస్తయి" అంది.

ఆమెకు ఎందుకు అర్థం కాలేదో నాకు తెలుసు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం పెట్టారు. పుస్తకంలో పక్క పేజీలో తెలుగు ఉన్నా, పాఠం చెప్పేవారు ఆ పేజీ తెరిపించకపోతే అది ఉన్నా లేనట్టే. అప్పుడే చదవడం నేర్చిన పిల్లను ఆ తరగతిలో వెనక బెంచీన కూర్చోబెట్టి, ఏడాది చివర ఫలితం అడగడం అన్యాయం.

అమెరికాలోనూ ఈ చిక్కు ఉంది. అక్కడి 2015 నాటి పాఠశాల విద్యా చట్టం 67 శాతం మంది కూడా చదువు పూర్తి చేయని హైస్కూళ్లను ప్రత్యేక పర్యవేక్షణ కిందికి తెచ్చింది. వెనకబడిన పిల్లలనే చేర్చుకునే బడి ఆ గీత దాటడం కష్టం కాబట్టి, కాలిఫోర్నియా ఒక దశలో తన ప్రత్యామ్నాయ పాఠశాలలకు, చేరిన నాలుగేళ్లలో ఎందరు పూర్తి చేశారన్న లెక్కకు బదులు, ఆఖరి ఏడాది పిల్లల్లో ఎందరు పూర్తి చేశారన్న లెక్క చూసే పద్ధతి తెచ్చుకుంది. మనకూ వేరే కొలత కావాలి. పిల్ల ఏ స్థాయిలో వచ్చింది, ఎంత ఎదిగి వెళ్లింది, వెళ్లిన చోట నిలిచిందా అన్నవి చూస్తే చాలు.

నిలిచిందా అన్నది జూన్‌లో తేలదు. ఆగస్టు, సెప్టెంబరులో పత్తి చేలు పిలుస్తాయి. దసరా, దీపావళి దాటాక పాలమూరు కుటుంబాలు కొన్ని పిల్లలతో సహా పనుల కోసం వలసపోతాయి. సంక్రాంతి సెలవుల తర్వాత తరగతి గదిలో తలలు లెక్కపెడితేనే నిజం బయటపడుతుంది.

ఆ లెక్కకు బ్రిడ్జి బడి ఒక్కటే బాధ్యురాలు కాదు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ఇలాంటి పిల్లలకు వయసుకు తగిన తరగతిలో ప్రవేశం, ప్రత్యేక శిక్షణ హక్కుగా ఇచ్చింది. తరగతిలో చేరాక కూడా ఉపాధ్యాయులు వారిపై ప్రత్యేక శ్రద్ధ చూపాలని కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు చెబుతున్నాయి. కాబట్టి పంపిన బడి, చేర్చుకున్న బడి రెండూ ఒకే జాబితాపై సంతకం చేసి, ఏడాది పాటు ప్రతి పేరుకూ జవాబు చెప్పాలి. ఊరూరా తిరిగి చూసే మనిషిని ఇందుకోసం నియమించి, ఆ మనిషికి జీతం, దారి ఖర్చులు నెలనెలా ఇవ్వాలి.